చచ్చిన ఏనుగుకు వెల ఎంత?



ఓరుగల్లులో మా చరిత్ర ఉపాధ్యాయుడి స్మారక సభ జరుగుతుంటే ఏనుగు దంతాల వ్యాపారం మీద ప్రభుత్వ ఆంక్షల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. మా సారు దగ్గర శాసనాలు చదివినవారికి అనిపించదు. రాజు బిరుదులున్న భాగాన్ని ఆయన తొందరగా దాటించేవారు. పన్నుల జాబితా వచ్చేసరికి ఆగేవారు. రాజు తన గురించి ఏం చెప్పుకున్నాడన్నది తర్వాత చూడొచ్చు, దేని మీద ఎంత వసూలు చేశాడో ముందు చూడండి అనేవారు. నేనీరోజు చేయబోయేది అదే. మనుషులు ఏనుగును ఎంత ప్రేమించారో, ఎంత పూజించారో చెప్పే గ్రంథాలకు కొదవ లేదు. దానికి ఎంత వెల కట్టారు, ఆ వెలను ప్రభుత్వాలు ఎప్పుడు ఒప్పుకున్నాయి, ఎప్పుడు కాదన్నాయి అన్న లెక్కే మనం సరిగా రాసుకోలేదు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. గొప్పింటివాళ్లు చితికిపోయినా వారి పరపతి తగ్గదని చెప్పడానికి ఈ సామెత వాడతాం. కానీ దీని అడుగున ఉన్నది అంగడి లెక్క. బతికిన ఏనుగు యుద్ధానికి, ఊరేగింపుకు, దుంగలు లాగడానికి పనికొస్తుంది. చచ్చిన ఏనుగు దంతాన్నిస్తుంది. రెండు వేల ఏళ్లకు పైగా మన రాజ్యాలు మొదటి వెయ్యిని కాపాడుకోవడానికి చట్టాలు చేశాయి, రెండో వెయ్యి జోలికి పోలేదు. చచ్చిన ఏనుగుకు వెల ఉన్నంతకాలం బతికిన ఏనుగుకు రక్షణ ఉండదని ఒప్పుకొని, ఆ రెండో వెయ్యిని రద్దు చేసింది మాత్రం నిన్నమొన్న, 1986కూ 1992కూ మధ్య. జాలి పుట్టి చేసిన పని కాదది. మిగతా దారులన్నీ ఓడిపోయాక మిగిలిన దారి. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

కౌటిల్యుడి అర్థశాస్త్రంతో మొదలుపెడతాను. రాజ్యం సరిహద్దుల్లో ఏనుగులకు ప్రత్యేకంగా అడవి కేటాయించాలనీ, దానికి ఒక అధ్యక్షుడు ఉండాలనీ అది చెబుతుంది. ఏనుగును చంపినవాడికి మరణదండన విధిస్తుంది. ఆ వెంటనే ఇంకో మాట చేరుస్తుంది. తనంతట తాను చచ్చిన ఏనుగు దంతాల జత తెచ్చి ఇచ్చినవాడికి 4¼ పణాలు బహుమానం. చంపడం నేరం, చచ్చినదాని దంతం మాత్రం రాజ్యానికి ఆదాయం. చూడటానికి ఎంతో సబబుగా ఉన్న ఏర్పాటు. ఈనాటికీ దంతం అమ్ముకోనివ్వండి అనేవారు చెప్పేది సరిగ్గా ఈ వాదనే. చిక్కు ఎక్కడుందంటే, ఆ జత తెచ్చిన మనిషి ఏనుగు చచ్చాక వెళ్లాడా, తానే చంపాడా అన్నది దంతం చెప్పదు. కౌటిల్యుడి అధికారికి ఉన్న ఈ ఇబ్బంది ప్రయోగశాలలూ పర్మిట్లూ ఉన్న మన అధికారులకూ తప్పలేదు.

కళింగ ఏనుగులను అర్థశాస్త్రం శ్రేష్ఠమైనవాటిలో లెక్కించింది. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం పెరిప్లస్, మచిలీపట్నం ప్రాంతమని పండితులు గుర్తించిన మసాలియా దాటాక, దొసరీన్ అనే తీరం దంతానికి పేరుపొందిందని రాసింది. సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద విదిశ దంతకారులు చెక్కిన పనికి వారి శాసనమే సాక్ష్యం. అదే తోరణం మీద శాతకర్ణి శిల్పుల పెద్ద ఆనందుడి పేరూ ఉంది. ఇటలీలోని పాంపేయిలో 1938లో బయటపడిన దంతపు స్త్రీమూర్తిని పోలిన బొమ్మలు మన దక్కన్‌లోనే తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. ఈ గడ్డ మీది దంతం రోమా సామ్రాజ్యం దాకా వెళ్లిందని చెప్పడానికి ఇవి చాలు. ఆ కళ మీద నాకు గౌరవం ఉంది. ఒక్కో బొమ్మ వెనక ఒక్కో ఏనుగు కళేబరం ఉందన్నది మాత్రం ఆ గౌరవం వల్ల మరుగున పడకూడదు.

ఇప్పుడు మన ఊరి సంగతి.

చినగంజాం దగ్గర మోటుపల్లిలో, ఓరుగల్లును ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం చరిత్ర విద్యార్థులందరికీ తెలుసు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ ముట్టననీ అందులో మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. సరుకుల పట్టికలో చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, పునుగు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు ఉన్నాయి. వాటి నడుమ దంతం ఉంది.

ఈ శాసనంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుందని గమనించాలి. ఒకసారి ఓడలో ప్రయాణించే ప్రాణిగా, ఇంకోసారి పన్నీరుకూ పునుగుకూ పక్కన నిలిచిన సరుకుగా. రాజుకు ఆ రెంటి మధ్య వైరుధ్యం కనిపించలేదు. కనిపించవలసిన అవసరమూ అప్పటికి లేదు. ఆనాటి రాజులందరిలోనూ వర్తకులకు ధైర్యమిచ్చిన ఉదారుడాయన. ఆ ఉదారత దంతానికీ వర్తించింది, అంతే.

మరోవైపు ఇదే రాజ్యం ఏనుగు మీద నిలబడ్డ రాజ్యం. గణపతిదేవుడి గజసాహిణి, అంటే గజబలానికి అధిపతి, జాయప. తెలుగువాళ్లకు ఆయన నృత్తరత్నావళి కర్తగానే ఎక్కువ తెలుసు. పగలంతా గజశాలల అజమాయిషీ చూసిన మనిషి నాట్యం మీద శాస్త్రం రాశాడన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1213 నాటి రామప్ప గుడి అధిష్ఠానం చుట్టూ బారులు తీరిన ఏనుగులను చూడండి. ఆ శిల్పులు వాటిని రోజూ చూశారని ఆ నడక చెబుతుంది. రుద్రమదేవి ధరించిన బిరుదు రాయగజకేసరి. శత్రురాజును ఏనుగుగా ఊహించి, దాన్ని లొంగదీసిన సింహంగా తనను చెప్పుకున్నదంటే ఆ కాలంలో బలానికి కొలమానం ఏమిటో అర్థమవుతుంది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించి సంధి కుదుర్చుకున్నప్పుడు ఢిల్లీకి తరలిన కానుకల్లో ఏనుగులున్నాయి. 1323లో కోట పడిపోయింది.

చరిత్రకారుడు థామస్ ట్రౌట్‌మన్ 2015లో ప్రచురించిన గ్రంథంలో ఒక బలమైన వాదన చేశాడు. చైనాలో ఏనుగు దాదాపు అంతరించి భారతదేశంలో మిగలడానికి కారణం ఇక్కడి రాజులకు యుద్ధపుటేనుగు కావలసిరావడమే అన్నాడు. ఏనుగును పట్టి మచ్చిక చేసుకోవాలి గానీ పెంపకంలో పుట్టించి పెద్దది చేయడం లాభసాటి కాదు. అందుకని అడవి ఏనుగు ఉండాలి, అది ఉండాలంటే అడవి ఉండాలి. ఈ వాదన చాలావరకు నిజమే. కానీ ఓరుగల్లులో నిలబడి చూస్తే దాని రెండో సగం కనిపిస్తుంది. అవసరం కోసం ఇచ్చిన రక్షణ అవసరంతోనే పోతుంది. ఫిరంగి వచ్చాక ఏనుగు ఊరేగింపుకు మిగిలింది. ఏటూరునాగారం, పాకాల అడవుల్ని హైదరాబాదు రాష్ట్రంలో 1950ల మొదట్లో అభయారణ్యాలు చేసేనాటికి వాటిలో పులి ఉంది, అడవిదున్న ఉంది, ఏనుగు లేదు. గజసాహిణి పదవి ఉన్న రాజ్యపు అడవుల్లో ఏనుగు జ్ఞాపకంగా కూడా మిగల్లేదు.

దంతం మీద తెలుగువారి పనితనం అన్నిటికన్నా ఎక్కువగా వికసించింది విశాఖపట్నంలో. పదిహేడో శతాబ్దంలో యూరపు కంపెనీలు ఆ రేవుకు వచ్చాక అక్కడి కంసాలులు వారి నమూనాల్లో కుర్చీలు, బల్లలు, బీరువాలు, రాత పెట్టెలు చేసిపెట్టారు. మొదట నల్లచేవ, ఇరుగుడు వంటి కర్రలో దంతాన్ని పూలతీగలుగా పొదిగేవారు. దంతం మీద సన్నని మొనతో గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివరికి పద్ధతి మారింది. చందనపు పెట్టె మీద పలచని దంతపు రేకులు నిండా పరిచి, చిన్న దంతపు మేకులతో బిగించి, వాటి మీద ఇంగ్లండు భవనాల బొమ్మలు చెక్కారు. 1750లలో అటు వచ్చిన ఆంగ్ల సైనికాధికారి ఒకాయన ఈ పొదుగుడు పనికి సాటి లేదని రాసుకున్నాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈనాడూ ఆ విశాఖ సామాను చూడొచ్చు. చేసినవారి పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా లేవు.

దంతంపై నిషేధం మన చేతిపనులను చంపిందని అనేవారు విశాఖ చరిత్ర చదవాలి. అక్కడ ఆ పని చట్టానికి చాలా ముందే సన్నగిల్లింది. కొనేవారి అభిరుచి మారింది, రేవు ప్రాధాన్యం తగ్గింది, కొమ్ము, ముళ్లపంది ముల్లు వంటి చవక సరుకుతో చేసిన పెట్టెలు పైకి వచ్చాయి. పరాయివాళ్ల కోరిక మీద ఆధారపడిన పనితనాన్ని ఆ కోరికే ముంచింది.

బ్రిటిష్ పాలన ఏనుగును రెండు చేతులతో పట్టుకుంది. ఒక చేత్తో తుపాకి, ఇంకో చేత్తో లైసెన్సు. 1873లో మద్రాసు ప్రెసిడెన్సీ అడవి ఏనుగుల పరిరక్షణకు చట్టం చేసింది, 1879లో కేంద్ర శాసనం వచ్చింది. లైసెన్సు లేకుండా చంపకూడదు, పట్టకూడదు. ప్రాణరక్షణకు, పంటరక్షణకు మినహాయింపు. అలాంటి సందర్భంలో చచ్చిన ఏనుగు దంతాలు ప్రభుత్వానివి. కౌటిల్యుడికీ దీనికీ మౌలికమైన తేడా కనిపించదు. ఏనుగు ప్రభుత్వ ఆస్తి అయింది గానీ దంతం అంగడిలోనే ఉంది. ఆ కాలంలోనే బిలియర్డ్స్ బంతులకూ పియానో మెట్లకూ ఆఫ్రికా ఏనుగులు లక్షల్లో కూలుతున్నాయి. బొంబాయి రేవుకు జాంజిబార్ నుంచి దంతాలు దిగుతున్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత జరిగినదాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. మన చట్టం తప్పులు చేసి నేర్చుకున్న కాలం ఇది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977 అక్టోబరులో ఏనుగును అందులో మొదటి షెడ్యూలులోకి తెచ్చారు. అంటే వేట పూర్తిగా నిషిద్ధం. వేట ఆగలేదు. ఆఫ్రికాలోలా కాక ఆసియా ఏనుగుల్లో పెద్ద దంతాలు మగవాటికే ఉంటాయి, మగవాటిలోనూ కొన్నింటికి ఉండవు. దాంతో దక్షిణాది అడవుల్లో దొంగవేట మగ ఏనుగులనే ఏరి చంపింది. కేరళలోని పెరియార్‌లో వందకు పైగా ఆడ ఏనుగులకు ఒక్క మగ ఏనుగు మిగిలిన స్థితిని రామన్ సుకుమార్ వంటి శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మందల్ని లెక్కపెట్టే అధికారికి ఈ నష్టం కంటపడదు. మంద ఉంటుంది, పిల్లలు తగ్గుతాయి, ఒక తరం గడిస్తే గానీ లోటు తెలియదు.

1986లో పార్లమెంటు చట్టానికి ఐదో-ఏ అధ్యాయం చేర్చింది. షెడ్యూలు జంతువుల నుంచి వచ్చిన వస్తువుల వ్యాపారం ఆ ఏడాది నవంబరు 25 నుంచి బంద్. నిషేధం మొట్టమొదటిసారి అడవి దాటి అంగడిలో అడుగుపెట్టింది. కానీ ఒక తలుపు తెరిచే ఉంది. ఆఫ్రికా నుంచి దిగుమతైన దంతంతో వ్యాపారం చేసుకోవచ్చు. ఆ తర్వాత దేశంలో దొరికిన దంతమంతా ఆఫ్రికాదే అయిపోయింది. మైసూరు అడవిలో పడిన ఏనుగు దంతం ఢిల్లీ దుకాణంలో కెన్యా కాగితం మీద అమ్ముడుపోవచ్చు. బొమ్మగా చెక్కాక ఏది ఏ ఖండానిదో కంటితో చెప్పడం ఎవరి తరం?

అందుకే 1991 సవరణ. ఆఫ్రికా దంతం కూడా నిషిద్ధమైంది. వ్యాపారులకు నిల్వలు వదిలించుకోవడానికి ఆరు నెలల గడువు. 1992 ఏప్రిల్ 2తో అది ముగిసింది. వ్యాపారులు కోర్టుకు వెళ్లారు. వారి వాదనలో బలం లేదనలేం. చట్టబద్ధంగా దిగుమతి చేసుకున్నాం, సుంకం కట్టాం, భారతీయ ఏనుగుతో మాకు సంబంధం లేదు, వృత్తి స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చింది, ఇప్పుడు సరుకు అమ్మొద్దంటే మా ఆస్తి లాక్కున్నట్టే కదా అన్నారు. 1997లో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. 2003లో ఇండియన్ హ్యాండీక్రాఫ్ట్స్ ఎంపోరియం కేసులో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ప్రజాహితం కోసం ఒక వ్యాపారాన్ని నియంత్రించడమే కాదు, పూర్తిగా మూసేయడమూ సహేతుకమైన ఆంక్షే కావచ్చన్నది ఆ తీర్పు సారం.

అదే ఏడాది బలరాం కుమావత్ కేసు ఇంకా విచిత్రమైనది. మేం అమ్మేది ఏనుగు దంతం కాదు, మంచుకింద దొరికిన మామత్ దంతం, ఆ జంతువు వేల ఏళ్ల కిందటే అంతరించింది, దాన్ని కాపాడేదేముంది అన్నారు పిటిషనర్లు. తర్కానికి నిలిచే మాటే. కోర్టు ఒప్పుకోలేదు. దిగుమతైన దంతం అంటే ఏ దంతమైనా సరే అని చట్టానికి అర్థం చెప్పింది. దంతాన్ని అడ్డంగా కోస్తే కనిపించే గీతల కోణాన్ని బట్టి మామత్‌నూ ఏనుగునూ నిపుణులు వేరుచేయగలరు. వేలెడంత చెక్కిన బొమ్మను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుకు అది సాధ్యమా? అంతరించిన జంతువు పేరిట తెరిచిన దుకాణంలోకి బతికున్న జంతువు దంతం రాదని ఎవరు హామీ ఇస్తారు? ఏనుగుల రక్షణకు మన న్యాయవ్యవస్థ చేసిన వాటిలో ఈ తీర్పును నేను అన్నిటికన్నా లోతైనదిగా భావిస్తాను. కౌటిల్యుడి 4¼ పణాల చిక్కును విప్పిన తీర్పు ఇది.

ప్రపంచం ఇదే పాఠాన్ని ఎక్కువ ఖర్చుతో నేర్చుకుంది. 1979లో 13 లక్షలని అంచనా వేసిన ఆఫ్రికా ఏనుగులు పదేళ్లలో సుమారు సగమయ్యాయి. 1989 జులైలో కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయి 12 టన్నుల దంతాన్ని తగలబెట్టించాడు. ఆ అక్టోబరులో లౌసాన్‌లో జరిగిన, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు సమావేశం ఆఫ్రికా ఏనుగును మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపింది. ఆసియా ఏనుగు అంతకుముందు నుంచే అందులో ఉంది. తర్వాత సడలింపులు మొదలయ్యాయి. 1999లో బోట్స్వానా, నమీబియా, జింబాబ్వేల నిల్వల నుంచి సుమారు 50 టన్నులు జపాన్‌కు అమ్మనిచ్చారు. 2008లో దక్షిణాఫ్రికాను కూడా కలిపి వంద టన్నులకు పైగా చైనా, జపాన్‌లకు అమ్మారు. చట్టబద్ధమైన సరుకు వెల్లువెత్తితే దొంగసరుకు చస్తుందన్నది ఆశ. 2016లో సాలమన్ సియాంగ్, నితిన్ శేఖర్ అనే పరిశోధకులు 2008 అమ్మకం తర్వాత దొంగదంతం ఉత్పత్తి సుమారు 66 శాతం పెరిగిందని లెక్కగట్టారు. ఆ లెక్కను ప్రశ్నించిన గణాంక నిపుణులూ ఉన్నారు. ఆ వివాదాన్ని పక్కన పెట్టినా 2016 నాటి ఆఫ్రికా సవానా ఏనుగుల మహాగణన 18 దేశాల్లో 3,52,000 పైచిలుకు ఏనుగులనే చూసింది. ఏడేళ్లలో 30 శాతం తగ్గుదల అది. చివరికి 2017 డిసెంబరు 31తో చైనాయే తన దేశీయ దంతపు అంగడిని మూసింది.

దక్షిణ ఆఫ్రికా దేశాలు అడిగే ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. మా ఏనుగులు పెరుగుతున్నాయి, మా రైతుల పంటలు తొక్కుతున్నాయి, మా గిడ్డంగుల్లో దంతం పేరుకుపోయింది, దాన్ని అమ్మొద్దని చెప్పే మీరు మాకేమిస్తారు అని వారు అడుగుతారు. దంతం అమ్మడం దీనికి జవాబు కాదు. అయినా ప్రశ్న న్యాయమైనది, అది ఆఫ్రికాది మాత్రమే కూడా కాదు.

తెలుగునేలకు ఏనుగు తిరిగి వచ్చింది. 1980లలో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి చిత్తూరు జిల్లాకు మందలు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఉత్తరాన ఒడిశా వైపు నుంచి శ్రీకాకుళం, పార్వతీపురం మన్యాలకు వచ్చాయి. 2024 ఏప్రిల్ మొదట్లో గడ్చిరోలి అడవుల నుంచి ఒక ఒంటరి మగ ఏనుగు ప్రాణహిత దాటి మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు వచ్చి, రెండు రోజుల్లో ఇద్దరు రైతుల ప్రాణం తీసి వెనక్కి వెళ్లింది. గజబలంతో పేరుపడ్డ కాకతీయుల గడ్డ మీద ఇన్ని తరాల తర్వాత అడవి ఏనుగు అడుగుపెడితే దాన్ని గుర్తుపట్టి తప్పుకునే అలవాటు ఎవరికీ మిగల్లేదు. ఆ రైతుల చావులో నాకు కనిపించే చరిత్ర అది.

2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చచ్చిపోయాయి. వాటిని దంతం కోసం ఎవరూ చంపలేదు. ఏనుగుల అసహజ మరణాలకు కారణాలని కేంద్రం పార్లమెంటులో చెబుతూ వస్తున్న లెక్కల్లో దొంగవేట కన్నా విద్యుదాఘాతమే ముందుంటోంది. నిషేధం గెలిచినచోట దాని పరిధి అయిపోయింది. ఇక మిగిలిన పని వేరే శాఖలది. వేలాడే తీగల్ని పైకి లేపడం, పంట కంచెలకు దొంగకరెంటు పెట్టకుండా చూడటం, పంట పోయినవాడికి ఆ పంటకాలంలోనే పరిహారం ఇవ్వడం. ఆంధ్రప్రదేశ్ 2025లో కర్ణాటక నుంచి, అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చుకుని పలమనేరు దగ్గర శిబిరం పెట్టింది. మంచి పనే. కానీ రాత్రి కాపలా ఉండేది రైతే.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. చట్టం ప్రకారం చచ్చిన ఏనుగు దంతాలు ప్రభుత్వానివి. అటవీ శాఖ వాటిని తీసి, తూచి, తాళం వేసి దాస్తుంది. దాచడం అంటే ఎప్పటికైనా అమ్మవచ్చునన్న ఆశను కూడా దాచడమే. 2021 సెప్టెంబరులో అస్సాం ప్రభుత్వం తన దగ్గరున్న ఖడ్గమృగాల కొమ్ములు 2,479 బహిరంగంగా కాల్చేసింది. పరిశోధనకూ కోర్టు కేసులకూ కావలసినవాటిని పక్కన పెట్టి మిగతావి కాల్చింది. మన రెండు రాష్ట్రాలూ తమ దగ్గరున్న దంతాల సంఖ్య, బరువు ఏటా ప్రకటించాలి. ప్రతి జత నుంచీ డీఎన్‌ఏ నమూనా తీసి భద్రపరచాలి. కేసుల్లో సాక్ష్యంగా లేనివాటిని కాల్చేయాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు సరిపోతుంది.